మా ఊరి ఏఎన్ఎం సేవలు: ఇద్దరు పిల్లలను పెంచిన ఒక తల్లి అనుభవం

మా అమ్మాయి 2018 ఆగస్టులో పుట్టింది, అబ్బాయి 2022 మేలో. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎక్కువ అండగా ఉన్నది ఎవరని అడిగితే, పట్టణంలో డబ్బు కట్టి చూపించుకున్న ఆసుపత్రుల పేర్లు నా నోటికి రావు. మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసిన ఏఎన్ఎం, అంటే తల్లీబిడ్డలను చూసుకునే ప్రభుత్వ నర్సు గుర్తుకొస్తారు. ఊళ్లో అందరం నర్సమ్మగారు అనే పిలిచేవాళ్లం. బీరువాలో రేషను కార్డు పక్కన దాచిన రెండు తల్లీబిడ్డల రక్షణ కార్డులను ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నా పుట్టిల్లు, మెట్టినిల్లు ఈ ఊళ్లోనే, రెండు వీధుల దూరంలో ఉన్నాయి. అందువల్ల పురిటికి పుట్టింటికి వెళ్లినా నర్సు మారలేదు. ఇది నా అదృష్టం. వేరే ఊరికి పురిటికి వెళ్లి వచ్చే ఆడపిల్లలకు ఈ వీలు ఉండదు. అక్కడ ఒక నర్సు, ఇక్కడ ఒక నర్సు, మధ్యలో ఏ టీకా పడిందో ఏది పడలేదో తేల్చేది ఆ కార్డు ఒక్కటే.

ఏఎన్ఎం అంటే బుధవారం, శనివారం టీకాలు వేసే మనిషి అనుకునేదాన్ని. ఆ అభిప్రాయం పాప పుట్టిన ఏడో రోజునే మారిపోయింది.

ఆ రోజు ఆశా కార్యకర్తతో కలిసి నర్సమ్మగారు మా ఇంటికి వచ్చారు. పాప ఎడతెగకుండా ఏడుస్తోంది. నాకు చనుమొనలు పగిలి, పాలివ్వాలంటేనే భయం పుట్టింది. పాలు చాలడం లేదని అందరం నిర్ణయించేసుకుని డబ్బా పాలు కూడా తెప్పించాం. నర్సమ్మగారు ముందు పెరట్లోకి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నారు. తరువాత నా పక్కన మంచం మీద కూర్చుని, "ఎలా పడుతున్నావో చూపించు తల్లీ" అన్నారు. నేను పాపను పట్టుకోగానే వెంటనే ఆపారు. "చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే నీకు నొప్పి, దానికి పాలు అందవు. అది నోరు బాగా తెరిచేదాకా ఆగు. నల్లటి భాగం కూడా లోపలికి వెళ్లాలి" అని పాప తల వెనక కాదు, మెడ, వీపు కింద నా చెయ్యి పెట్టించారు. పాప గడ్డం రొమ్ముకు ఆనింది. కింది పెదవి బయటికి మడత పడింది. ఏడు రోజుల్లో మొదటిసారి నొప్పి లేకుండా పాలిచ్చాను. పాప గుటక వేస్తున్న చప్పుడు వినిపించింది.

ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్న ఒకటే. రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతోంది? ఏడో ఎనిమిదో అని అమ్మ చెప్పింది. "ఆరుకు తగ్గకుండా ఉంటే పాలు సరిపోతున్నట్టే" అన్నారు. డబ్బా పాల గురించి ఒక్క మాట కోప్పడలేదు. మేము ఆ డబ్బా మూత తీయనే లేదు.

మా అమ్మమ్మతో ఆమె మాట్లాడిన తీరు కూడా చెప్పాలి. అమ్మమ్మ బొడ్డుకు ఆముదం రాస్తోంది, స్నానం కాగానే గది నిండా సాంబ్రాణి పొగ పడుతోంది, కంటికి కాటుక పెడుతోంది. మూడూ మానాలి. "మామ్మగారూ, బొడ్డు దానంతట అదే ఎండి రాలిపోతుంది, పొడిగా ఉంచితే చాలు. పొగకు పసిబిడ్డ ఊపిరి ఆడదు. కాటుక దిష్టి కోసమే కదా, అరికాలికి పెట్టండి" అన్నారు. ఎనభై ఏళ్ల మనిషి ఎదురు చెప్పకుండా ఒప్పుకుంది. అదే మాట నేను చెప్పి ఉంటే ఇంట్లో గొడవ అయ్యేది.

టీకాల విషయానికి వస్తే, ఏడేళ్లలో నాకు కనబడిన తేడా చాలా ఉంది. అమ్మాయికి ఆరో వారంలో వేసిన వాటికంటే అబ్బాయికి వేసినవి ఎక్కువ. నిమోనియాను అడ్డుకునే పీసీవీ టీకా అమ్మాయి పసితనంలో మాకు అందలేదు, అబ్బాయి నాటికి వచ్చింది. చేతికి వేసే పోలియో సూది మందు అమ్మాయికి రెండు డోసులే. 2023 జనవరి నుంచి తొమ్మిదో నెలలో మూడో డోసు కూడా చేర్చారు కాబట్టి అబ్బాయికి మూడు పడ్డాయి. ఆరు వారాల బిడ్డకు ఒకేసారి ఎడమ తొడకు ఐదు జబ్బులను ఆపే పెంటావాలెంట్, కుడి తొడకు పీసీవీ, కుడి భుజానికి పోలియో సూది, నోట్లో పోలియో చుక్కలు, విరేచనాలను ఆపే రోటావైరస్ చుక్కలు. మూడు సూదులు ఒక్క రోజేనా అని మావారు వెనక్కి తగ్గారు. నర్సమ్మగారు ఆయనను కూర్చోబెట్టి, ఒక్కో టీకా ఏ జబ్బును ఆపుతుందో పేరు పేరునా చెప్పి, విడివిడిగా వేస్తే బిడ్డ మూడుసార్లు ఏడవాలి, మీరు మూడుసార్లు పని మానుకోవాలి, మధ్యలో రక్షణ ఉండదు అని వివరించారు. చుక్కలు ముందు వేసి, సూదులు ఆఖరున వేశారు. వెంటనే నన్ను పాలు పట్టమన్నారు. అరగంట అక్కడే కూర్చున్నాకే ఇంటికి పంపారు.

ప్రతిసారీ నాలుగు మాటలు చెప్పేవారు, ఎంత రద్దీ ఉన్నా మానలేదు. ఈ రోజు ఏం వేశాను, దేనికి వేశాను. రాత్రికి ఏం రావచ్చు, వస్తే ఏం చేయాలి. మళ్లీ ఎప్పుడు రావాలి. కార్డు పారేసుకోకు, వచ్చేటప్పుడు తెచ్చుకో. పెంటావాలెంట్ వేసిన రాత్రి అమ్మాయికి ఒళ్లు కాలిపోయింది, తొడ గట్టిపడింది. భయం వేసింది కానీ ఏం జరుగుతోందో తెలుసు. సూది పడిన చోట నలపవద్దు, తడిగుడ్డ వెయ్యి, బరువును బట్టి పారాసిటమాల్ ఇన్ని చుక్కలు అని కార్డు వెనక ఆమె రాసి ఇచ్చిన గీతలు చూసుకుంటూ ఆ రాత్రి గడిపాం. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా పడిన చోట కొన్ని వారాలకు పొక్కు లేచి చీము పట్టినప్పుడు కూడా అంతే. అది మామూలేనని, ఏ మందూ రాయవద్దని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి ఎక్కడికీ పరుగెత్తలేదు.

బరువు సంగతి ఎక్కువ మంది తల్లులు తేలికగా తీసుకుంటారు, నేనూ తీసుకున్నాను. 2019 మేలో అమ్మాయి తొమ్మిదో నెలలో 7.4 కిలోలు. జూన్‌లోనూ అంతే. జూలైలో 7.5. కార్డులో చుక్క ఇంకా ఆకుపచ్చ రంగు పట్టీలోనే ఉంది, నాకు తప్పేమీ కనబడలేదు. నర్సమ్మగారు మూడు చుక్కలను పెన్నుతో కలిపి, "రంగు చూడకు, గీత చూడు. పడుకుంది" అన్నారు. ఏం పెడుతున్నావని అడగలేదు. అలా అడిగితే అందరం పప్పన్నం, గుడ్డు, నెయ్యి అనే చెబుతాం. "నిన్న పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా దాని నోట్లోకి పోయినవి ఒక్కొక్కటే చెప్పు. గిన్నె ఎంతుంటుందో తెచ్చి చూపించు" అన్నారు. లెక్క తీస్తే తేలిందేమిటంటే, రాగి జావ మూడు పూటలా పలచగా కాచి పోస్తున్నాను. పొట్ట నిండుతోంది, బలం అందడం లేదు. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలని, ప్రతి గిన్నెలో ఒక చెంచా నూనో నెయ్యో కలపాలని, పప్పును కట్టులా కాకుండా ముద్దగా మెదిపి పెట్టాలని, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని పెద్దవాళ్లు తినేయకుండా బిడ్డకే పెట్టాలని చెప్పారు. ఆ ఆఖరి మాట మా ఇంటికి సరిగ్గా తగిలింది. సెప్టెంబరుకు గీత లేచింది.

ఇక అసలు చెప్పవలసినది 2023 జనవరి సంగతి.

అబ్బాయికి ఎనిమిదో నెల. రెండు రోజులుగా దగ్గు, జ్వరం. అంతకు ముందు రోజు సాయంత్రం పట్టణంలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్తే, చొక్కా కూడా పైకెత్తకుండా జలుబేనని సిరప్ రాసి పంపారు. మర్నాడు బుధవారం. వాడికి ఆ రోజు టీకా ఏమీ లేదు. అయినా మనసు ఊరుకోక ఎత్తుకుని వెళ్లాను. గది నిండా జనం. నర్సమ్మగారు వాడి ముఖం చూసి, చేతిలో ఉన్న పని ఆపి, చొక్కా పైకి తీయమన్నారు. వాడు నా ఒళ్లో నిద్రపోతున్నాడు. చేతి గడియారం చూస్తూ, పెదవులు కదుపుతూ నిమిషం లెక్కపెట్టారు. యాభై ఎనిమిది. "ఇంకోసారి చూస్తాను" అని మళ్లీ నిమిషం. యాభై ఆరు. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి యాభై, ఆ పైన ఊపిరి తీస్తే అది మామూలు జలుబు కాదన్నారు. నా వేలు పట్టుకుని పక్కటెముకల కింద చూపించారు. గాలి పీల్చినప్పుడల్లా అక్కడ లోపలికి గుంట పడుతోంది. డొక్కలు ఎగరేయడం అని పెద్దవాళ్లు అనేది దాన్నే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఆమే ఫోను చేశారు. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపారు, నాలుగు రోజులు ఉంచారు. నిమోనియా.

ఇంటికి వచ్చాక ఆమె నాకు లెక్కపెట్టడం నేర్పారు. బిడ్డ ఏడవనప్పుడు, పాలు తాగనప్పుడు చూడాలి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయకూడదు, పూర్తి నిమిషం చూడాలి. ఏడాది దాటాక నలభై హద్దు. పాలు తాగలేకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా లెక్కలు పక్కన పెట్టి 108కు ఫోను చెయ్యమన్నారు. ఆ తరువాత మా వీధిలో మరో ఇద్దరు పిల్లలకు నేనే లెక్కపెట్టి చెప్పాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, నేను పడ్డాను కూడా. అమ్మాయికి తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లాలను ఆపే ఎంఆర్ టీకాకు వెళ్తే, పిల్లలు తక్కువ వచ్చారు, సీసా తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, వృథా అవుతుంది, శనివారం రమ్మని తిప్పి పంపారు. ఆ రోజు మా నర్సమ్మగారు సెలవు, బదులు వచ్చినవారు అలా చెప్పారు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవవలసిందేనని తరువాత నర్సమ్మగారే మాకు చెప్పారు. కూలి మానుకుని వచ్చిన తల్లిని తిప్పి పంపితే ఆమె మళ్లీ వస్తుందన్న నమ్మకం ఏమిటి? ఎండాకాలంలో ఆ గదిలో కూర్చోవడానికి నీడ ఉండేది కానీ గాలి ఉండేది కాదు. ఆ పైన రిజిస్టర్లు, వాటికి తోడు ఫోనులో యాప్‌లు. 2018లో బిడ్డను ఒళ్లో పెట్టుకుని మాట్లాడిన మనిషే 2022 నాటికి ఫోను తెర చూస్తూ మాట్లాడవలసి వచ్చింది. పేరు, పుట్టిన తేదీ, ఆధార్, ఓటీపీ. ఓటీపీ రాకపోతే వరుస ఆగిపోయేది. ఆ సమయం తల్లులతో మాట్లాడే సమయం నుంచి పోతోంది. ఇది నర్సుల తప్పు కాదు. పైనుంచి ఈ పని పెట్టినవారు ఒక బుధవారం వచ్చి అక్కడ కూర్చుని చూడాలని నా కోరిక.

ఇంకొక లోటు నా మనసుకు సంబంధించినది. అబ్బాయి పుట్టాక మూడు నెలలు నేను సరిగా లేను. నిద్ర పట్టేది కాదు, బిడ్డను ఎత్తుకుంటే చేతులు వణికేవి, ఊరికే ఏడుపు వచ్చేది. అన్నిసార్లు ఇంటికి వచ్చారు, బిడ్డ బరువు అడిగారు, కుటుంబ నియంత్రణ గురించి అడిగారు, నా రక్తం చూశారు. నువ్వు నిద్రపోతున్నావా అని ఎవరూ అడగలేదు. పద్నాలుగో వారం టీకా నాడు నర్సమ్మగారు కార్డు మీద రాస్తూ రాస్తూ నా ముఖం చూసి పెన్ను పక్కన పెట్టారు. అందరూ వెళ్లేదాకా నన్ను కూర్చోబెట్టారు. మావారిని పిలిపించి, రాత్రి ఒక పూట బిడ్డను ఆయన చూడాలని గట్టిగానే చెప్పి, నన్ను డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లారు. ఆమె మంచిదనం వల్ల అది జరిగింది. ఏడో రోజున అడగవలసిన ప్రశ్నల్లో అది ఒకటిగా ఉంటే మూడు నెలలు అలా గడిచేవి కావు. ఇప్పుడు మనసు బాగాలేనప్పుడు ఫోను చేయడానికి 14416 అనే ప్రభుత్వ టెలీమానస్ నంబరు ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు. కొత్తగా తల్లులైనవాళ్లకు నేనే ఆ నంబరు రాసి ఇస్తున్నాను.

కరోనా కాలం గురించి ఒక్క మాట. అమ్మాయికి పదహారు నెలలు నిండాక పడవలసిన బూస్టర్ (రక్షణ నిలవడానికి మళ్లీ వేసే టీకా) జ్వరం వల్ల వాయిదా పడుతూ వచ్చి, 2020 మార్చి లాక్‌డౌన్‌లో చిక్కుకుంది. మేము మరిచిపోయాం, ఆమె మరిచిపోలేదు. మళ్లీ టీకాలు మొదలైన వారమే ఫోను చేసి, ఫలానా గంటకు రండి, ఒక్కరే రండి అని సమయం ఇచ్చి వేశారు.

2023 చివర ఆమెకు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన అమ్మాయి చిన్నది, బాగా చదువుకున్నది, సూది వేయడంలో చెయ్యి తేలిక. మాట ఇంకా కలవాలి, కలుస్తుంది. మొదటి నాలుగు నెలలు ఎవరూ లేని సమయంలో అబ్బాయి విటమిన్ ఎ ఒక డోసు ఆలస్యమైంది, నేనే వెంటపడి వేయించాను. ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకొకసారి అది పడుతూనే ఉండాలి.

వెళ్లే ముందు వారం నర్సమ్మగారు ఇంటికి వచ్చి రెండు కార్డులూ తీయించారు. అమ్మాయిది చివరి దాకా చూసి, ఐదేళ్లకు వేసే డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) పడిందని టిక్కు పెట్టి మూసేశారు. అబ్బాయి కార్డులో ఖాళీగా ఉన్న గడి పక్కన చిన్న అక్షరాలతో రాశారు: "డీపీటీ రెండో బూస్టర్, 2027 మే తరువాత. మరిచిపోకు."