ఫోటోలోని ముఖం కాన్వాస్ మీదికి: గళ్ళా, ట్రేసింగా, ప్రొజెక్టరా?

ఫోటో చూసి ఆయిల్ పెయింటింగ్ వేద్దామని కూర్చుంటే, రంగుల కంటే ముందు వచ్చే ప్రశ్న ఇది: బొమ్మను కాన్వాస్ మీదికి ఎలా దింపాలి? మూడు పద్ధతులూ వాడి చూశాను. ముఖాలు వేసేవాళ్ళకు గళ్ళే మేలంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు ట్రేసింగ్ సంగతి చెప్పాలి.

ట్రేసింగ్ అన్నిటికంటే తేలిక. కాన్వాస్ సైజుకు ప్రింట్ తీసి, కింద గ్రాఫైట్ పేపర్ (ఒక వైపు పెన్సిల్ పొడి పూసిన కాగితం) పెట్టి, గీతల వెంట పెన్ను నడిపిస్తే అరగంటలో బొమ్మ దిగిపోతుంది. ఫ్రేముకు బిగించిన కాన్వాస్ అయితే వెనకాల అట్టో పుస్తకమో ఆనించాలి, లేకపోతే నొక్కిన చోటల్లా గుంట పడుతుంది. మామూలు కార్బన్ పేపర్ మాత్రం వద్దు. దాని మైనం మరక లేత రంగులను పాడుచేస్తుంది.

మా అమ్మ ముఖం మొదటిసారి అలాగే దింపాను. గీత అచ్చు గుద్దినట్టు వచ్చింది. రెండో రోజు ముక్కు పక్కన నీడ వేసేసరికి గీత రంగు కింద మునిగిపోయింది. ముక్కుపుటం అగ్గిపుల్ల మందం పక్కకు జరిగింది, అంతే, ఆ ముఖం ఇంకెవరిదో అయిపోయింది. ఏది ఎక్కడుండాలో నాకు తెలియలేదు. గీత వెంట చెయ్యి నడిచిందే కానీ కన్ను ఏదీ కొలవలేదు మరి. ఆయిల్‌లో చిక్కు ఇక్కడే ఉంది. పొర వేసిన ప్రతిసారీ పాత గీత పోతుంది, మళ్ళీ బ్రష్షుతో గీసుకోవాలి.

ప్రొజెక్టర్‌తోనూ ఇదే సమస్య, పైగా గది చీకటి చేయాలి. లెన్స్ కాన్వాస్‌కు ఏమాత్రం వాలుగా ఉన్నా ముఖం ఒక పక్కకు సాగుతుంది. లైటు వేసి చూస్తే సగం గీతలు పడనే లేదని తెలుస్తుంది. నాలుగైదు అడుగుల పెద్ద బొమ్మలకైతే సరే, చిన్న కాన్వాస్‌కు ఇంత హంగామా అక్కర్లేదు.

ఇక గళ్ళు. ఫోటో మీదా కాన్వాస్ మీదా అన్నే గళ్ళు గీసి, ఫోటోలో ఒక్కో గడిలో ఉన్నదాన్ని కాన్వాస్ మీద అదే గడిలోకి దింపడమే ఈ పద్ధతి. 8×10 అంగుళాల ఫోటో మీద అంగుళం గళ్ళు, 16×20 కాన్వాస్ మీద రెండంగుళాల గళ్ళు గీస్తే రెండింటి మీదా 80 చొప్పున వస్తాయి. A4 ప్రింట్ అయితే పొడవు, వెడల్పుల నిష్పత్తి వేరు కాబట్టి ముందే అంచు కత్తిరించుకోవాలి. కళ్ళు, నోరు ఉన్న గళ్ళను మళ్ళీ నాలుగేసి చేసుకుంటాను. అప్పుడు చూడాల్సింది కన్నుని కాదు, ఒక గడిని. పైరెప్ప గీత ఎడమ అంచును ఎంత ఎత్తులో తాకింది? సగానికి పైనా, కిందా? మూలకు ఎంత దూరంలో బయటికి పోయింది? రెండు మూడు గంటలు పడుతుంది, విసుగు కూడా వస్తుంది. కానీ ఆ కొలతలన్నీ కంట్లో ఉండిపోతాయి.

గళ్ళను బొగ్గుతో పల్చగా గీయండి. పెన్సిల్ అయితే ఏళ్ళు గడిచి ఆయిల్ పొర పారదర్శకమయ్యే కొద్దీ లేత రంగుల్లోంచి బయటపడవచ్చు. ముఖం గీతలను టర్పెంటైన్‌లో పల్చన చేసిన బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుతో దిద్దితే సాధారణంగా మర్నాటికి ఆరిపోతుంది. అప్పుడు పొడి గుడ్డతో గళ్ళు తుడిచేయవచ్చు. కాన్వాస్ పక్క అంచుల మీద గళ్ళ గీతలు ముగిసే చోట పెట్టిన గుర్తులు మాత్రం చెరపకండి. బొమ్మ సగంలో ఉన్నా వాటి దగ్గర పిన్నులు గుచ్చి, తడి రంగుకు తగలకుండా కొంచెం ఎత్తులో దారం కడితే గళ్ళు తిరిగొస్తాయి. దారాల గళ్ళలోంచి చూసి గీయమని ఇటలీలో ఆల్బెర్టీ అనే కళా పండితుడు 1435లోనే రాశాడు, కాబట్టి దీన్ని దొంగదారి అనుకోనక్కర్లేదు.

ట్రేసింగ్‌ను తీసిపారేయను. కిటికీల వరుసలున్న భవనమో, చీర అంచు డిజైనో అయితే దానికే ఓటు. రంగులు కలపడం నేర్చుకోవడమే ఆ రోజు పని అయితే డ్రాయింగ్ మీద మూడు గంటలు ఎందుకు? ఒకటి మాత్రం నిజం, ఫోటోలోనే ఉన్న తప్పును ఏ పద్ధతీ దిద్దదు. ఫోన్‌ను ముఖం దగ్గర పెట్టి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఐదారడుగుల దూరం నుంచి తీయండి.

అమ్మ ముఖాన్ని గళ్ళతో మళ్ళీ మొదలుపెట్టాను. ముక్కు దగ్గర ఈసారీ జరిగింది. రెండు దారాలు కట్టి ఫోటో పక్కన పెట్టి చూశాను. ముక్కుపుటం అంచు కంటి లోపలి మూలకు సరిగ్గా కిందుండాలి, నాది కాస్త బయటికి పోయింది. రంగు ఇంకా తడిగానే ఉంది. పొడి బ్రష్షుతో మెల్లగా లోపలికి లాగాను, అమ్మ వచ్చేసింది.