పడితే భయం లేదు, ఎండంటేనే భయం: ఈపీపీ ఫోమ్ త్రీడీ విమానం చాన్నాళ్ళు వాడాక

ఇది రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానం, పల్టీల కోసం చేసింది, దాన్నే త్రీడీ అంటాం. రెక్కల పొడవు మీటరు, మూడు సెల్లుల లైపో (బ్యాటరీ), నాలుగు సర్వోలు (తోకనీ రెక్క అంచుల్నీ కదిపే చిన్న మోటార్లు), ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి మళ్ళీ రాయను. నేను చెప్పాలనుకున్నది ఈ ఫోమ్ గురించి. ఇది లేకపోతే నేను తక్కువ ఎత్తులో తలకిందులుగా ఎగరేయడం నేర్చుకునేవాణ్ణే కాదు, నైఫ్ ఎడ్జ్ (పక్కకి వాలి ఎగరడం) జోలికి అసలు వెళ్ళేవాణ్ణి కాదు. ఆ మాట గట్టిగా చెప్తా, తర్వాత ఎన్ని లోపాలు రాసినా ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఇంతకుముందు నా దగ్గర బల్సా చెక్క విమానం ఉండేది, ఇప్పుడూ ఉంది, అటక మీద. చూడ్డానికి ముచ్చటగా ఉంటది, కానీ దాన్ని ఎగరేసినంతసేపూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నట్టే, ఎందుకంటే ఒక్కసారి నేలకి తగిలిందంటే ఆ సీజన్ అయిపోయినట్టే, బల్సా తెప్పించాలి, అతికించాలి, పైన ఫిల్మ్ ఇస్త్రీ చెయ్యాలి, మన కోనసీమ ఉక్కకి ఆ ఫిల్మ్ మళ్ళీ ముడతలు పడద్ది. అందుకని ఏ పల్టీ వేసినా బాగా ఎత్తుకి తీసుకెళ్ళి వేసేవాణ్ణి. అంత ఎత్తులో లూప్ (ఆకాశంలో నిలువు సున్నా) గుండ్రంగా వచ్చిందో కోడిగుడ్డులా వచ్చిందో కింద నుంచి ఎవడికి కనపడతది? లూప్ గుండ్రంగా రావాలంటే పైకి ఎక్కేటప్పుడు థ్రాటిల్ (మోటారు వేగం) పెంచాలి, నడినెత్తికి వచ్చాక లాగిన ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక) కొంచెం వదలాలి, దిగేటప్పుడు థ్రాటిల్ తగ్గించాలి, ఇవన్నీ విమానం మన కళ్ళముందు ఉంటేనే చేతికి అలవాటవుతాయి.

ఈపీపీ అంటే కారు బంపర్ లోపల పెట్టే ఫోమ్ లాంటిదే, పాలీప్రొపిలీన్ పూసలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. థర్మోకోల్ విరుగుద్ది, ఇది వంగి మళ్ళీ లేస్తది. ఫెవిక్విక్ చుక్క పడితే థర్మోకోల్ కరిగిపోద్ది, దీనికి ఏం కాదు, పొలం గట్టు మీద కూర్చునే అతికించేసి మళ్ళీ ఎగరేసుకోవచ్చు. సిమ్యులేటర్ మీద కూడా చాలా నేర్చుకున్నా, వానాకాలం అంతా అదే గతి, కానీ అక్కడ పడితే ఒక బటన్ నొక్కితే సరి, అందుకే అక్కడ వచ్చిన ధైర్యం పొలంలోకి రాదు. పొలంలో నిజంగా పడి, మట్టి దులిపి, మళ్ళీ చేత్తో విసిరి ఎగరేశాకే నా బొటనవేళ్ళ వణుకు తగ్గింది.

నైఫ్ ఎడ్జ్ సంగతి చెప్తా, నాకు దీని మీద ప్రేమ పుట్టింది అక్కడే. విమానాన్ని కుడిపక్కకి 90 డిగ్రీలు వాల్చి, కుడి రెక్క నేల వైపు, ఎడమ రెక్క ఆకాశం వైపు ఉంచి, ఎడమ రడ్డర్ (తోక మీద నిలువు పలక) ఇస్తే ముక్కు పైకి లేస్తది, అప్పుడు రెక్కల మీద కాకుండా బాడీ పక్కభాగం మీద ఎగురుద్ది. దీనికి రడ్డర్ చాటంత ఉంటది కాబట్టి సగం స్టిక్ (రిమోట్ మీద పుల్ల) సరిపోద్ది. కానీ రడ్డర్ ఇచ్చేసరికి విమానం తన పొట్ట వైపుకి తిరిగిపోవాలని చూస్తది, దానికి చిటికెడు అప్ ఎలివేటర్ కలపాలి, ఒక్కోసారి ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి దొర్లించే రెక్క అంచు పలక) కూడా ఎదురు ఇవ్వాలి. ట్రాన్స్‌మిటర్‌లో మిక్స్ (ఒకటి కదిపితే రెండోది దానంతటదే కదిలే ఏర్పాటు) పెట్టుకుంటే ఆ పని అదే చేస్తది, నేను మాత్రం ముందు వేళ్ళతోనే నేర్చుకుని తర్వాత మిక్స్ పెట్టా, అదే మంచిదని నా ఉద్దేశం, ఎందుకంటే స్లో రోల్ (విమానాన్ని మెల్లిగా ఒక చుట్టు దొర్లించడం) చేసేటప్పుడు ఇవే దిద్దుబాట్లు ఒకదాని వెనక ఒకటి మారుతూ రావాలి, పక్కకి ఉన్నప్పుడు రడ్డర్, తలకిందులయ్యాక ముందుకి తోసిన ఎలివేటర్, రెండో పక్కకి వచ్చాక ఎదురు రడ్డర్, అది వేళ్ళకి రాకుండా మిక్స్‌తో రాదు.

ఇవన్నీ నడుమెత్తులో, మనిషికి ఎదురుగా చేశా. పడింది, చాలాసార్లు పడింది. లేచింది.

ఇక మన దగ్గర ఎగరేసే చోటు సంగతి. డెల్టాలో ఖాళీ నేల దొరికేదే కొద్దిరోజులు. సార్వా, దాళ్వా రెండు పంటలకీ చేలల్లో నీళ్ళే, మిగిలిన చోటంతా రొయ్యల చెరువులు, వాటి చుట్టూ కొబ్బరిచెట్లు, కరెంటు తీగలు. దాళ్వా కోతలయ్యి కాలవలు కట్టేశాక, మళ్ళీ ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలేదాకా ఆ వేసవి రోజులే మాకు విమానాశ్రయం. కోత మిషను చక్రాల గాళ్ళు, వరి మోళ్ళు ఉంటాయి కాబట్టి విమానం కింద చక్రాలు పీకేసి చేత్తో విసిరి ఎగరేస్తాం, దించేటప్పుడు గడ్డి మీద పొట్టతో దించేస్తాం. బల్సాకి ఈ పని చెయ్యగలరా? చెరువుల మీదకి మాత్రం వెళ్ళనివ్వను, పిట్టలు వాలకుండా అడ్డంగా తాళ్ళు కడతారు, అది ఒక భయం, రెండోది రొయ్యలకి వచ్చే తెల్లమచ్చ వైరస్ భయంతో రైతులు బయటివాళ్ళని చెరువులో కాలు పెట్టనివ్వరు, అది న్యాయమే. పక్క చెరువు బాబాయ్ మొదటిరోజే చెప్పేశాడు: "ఒరే అబ్బాయ్, ఎగరేసుకో, నాకేం అభ్యంతరం లేదు, కానీ నా చెరువులో పడితే నువ్వు దిగడానికి లేదు, మావాడే వెదురుగెడతో లాగుతాడు." ఆయన మాట దాటలేదు ఇప్పటిదాకా. (రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టుకి దగ్గర్లో ఉన్నవాళ్ళు మాత్రం ముందు డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూసుకోండి, అక్కడ పద్ధతి వేరు.)

ఇప్పుడు అసలు గొడవ. వేసవి అంటే ఎండ, ఎండ అంటే గ్లూ.

ఈ విమానంలో ఎలివేటర్, రడ్డర్, ఎయిలరాన్ కదిపే చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, హార్న్‌లు అంటాం, సర్వో నుంచి వచ్చే పుష్‌రాడ్ వాటికి తగులుకుంటది. ఫ్యాక్టరీలో వాటిని ఫోమ్‌లో గాడి కోసి హాట్ గ్లూతో అతికించి పంపించారు. కంపెనీ పేరు చెప్పను, మా బావమరిది దగ్గరున్నది వేరే కంపెనీది, దాంట్లోనూ ఇదే గ్లూ. రోహిణి కార్తె ముందు రోజులు, పొద్దున్నే వెళ్ళినా తొమ్మిదిన్నరకే గట్టు కాలిపోతోంది. లైపోలు మార్చుకుంటూ ఎగరేస్తున్నాం, మధ్యలో విమానం గడ్డి మీదే ఉంది, తోక మీద నల్ల డిజైన్, ఆ నలుపు ఎండంతా పీల్చేసింది. తర్వాత ఎగరేసినప్పుడు రెండు లూపులు బాగానే వచ్చాయి, ఎలివేటర్ కాస్త బద్ధకంగా ఉందనిపించింది కానీ గాలేమో అనుకున్నా. హాఫ్ రోల్ చేసి తలకిందులుగా మా ముందు నుంచి కొబ్బరిచెట్టు ఎత్తులో తెస్తున్నా, ముక్కు దిగుతోందని స్టిక్ ముందుకి తోశా, ఏమీ అవ్వలా. ఇంకా తోశా, చివరిదాకా తోశా, ముక్కు మెల్లిగా దిగుతూనే ఉంది. బావమరిది అరిచాడు, "బావా తోకలో ఏదో ఊగుతోంది!" అని. హార్న్ ఫోమ్‌లోంచి ఊడి పుష్‌రాడ్‌కి వేలాడుతోంది, ఎలివేటర్ తనిష్టం వచ్చినట్టు కొట్టుకుంటోంది.

ఆ క్షణంలో ఎయిలరాన్ ఉంది, రడ్డర్ ఉంది, థ్రాటిల్ ఉంది. గబుక్కున ఎయిలరాన్‌తో తిప్పి నిటారుగా చేశా, థ్రాటిల్ ఇస్తే ముక్కు కాస్త లేచింది, తగ్గిస్తే దిగింది, అంతే, ఎత్తు పట్టుకోడానికి నాకు మిగిలింది ఆ ఒక్క స్టిక్కే. చెరువు వైపు పోకుండా రడ్డర్‌తో చేను మధ్యకి తిప్పా. ఆఖర్లో థ్రాటిల్ కట్ చేశా, ముక్కుతో వెళ్ళి వరి మోళ్ళల్లో గుచ్చుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే ప్రొపెల్లర్ విరిగింది, మోటారు బిగించిన ప్లైవుడ్ చెక్క ఫోమ్‌తో సహా ఊడొచ్చింది, ముక్కు బొటనవేలు పొడుగు లోపలికి నొక్కుకుపోయింది. రెక్కలకి, తోకకి ఏమీ కాలేదు. హార్న్‌ని వేళ్ళతో పట్టుకుంటే దాని చుట్టూ ఉన్న గ్లూ జిగురుగా సాగుతోంది, చల్లారలేదింకా. అసలు వేడి చేసి కరిగించి పూసే గ్లూ అది, మన ఎండకి ఆగుతుందని ఎలా అనుకున్నారో ఆ ఫ్యాక్టరీ వాళ్ళు? అట్ట పెట్టె మీద ఎండలో పెట్టొద్దని ఒక్క ముక్కయినా లేదు. దీని మీద కోపం నాకు ఇప్పటికీ పోలా, ఎందుకంటే గట్టు అవతల మనుషులున్నారు, విమానం తేలిక కాబట్టి సరిపోయింది.

ఇంటికొచ్చి వంటింట్లోంచి గిన్నెడు మరిగే నీళ్ళు తెచ్చి నొక్కుకుపోయిన ముక్కు మీద కొంచెం కొంచెం పోశా. ఇది చూడాలి మీరు, పూసలు కళ్ళముందే మళ్ళీ ఉబ్బుతాయి! పూర్తిగా కాదు, చాలావరకు. మోటారు చెక్కని అరల్డైట్‌తో అతికించా, హార్న్‌లన్నీ, ఊడనివి కూడా, పీకేసి, ప్లాస్టిక్‌ని ఉప్పుకాగితంతో గరుకు చేసి, అరల్డైట్ పెట్టి రాత్రంతా వదిలేశా. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే చేలో, అదే తలకిందుల పాస్. ఏమాత్రం తేడా లేదు. అందుకే ఈ ఫోమ్ మీద కోపం రాదు నాకు, వచ్చిందంతా గ్లూ మీదే.

అయితే మొదట్లో నేను అందరికీ చెప్పినంత గొప్పగా అన్నిట్లోనూ లేదు, అది కూడా చెప్పాలి. ఈ మెత్తదనమే హారియర్‌కి, హోవర్‌కి, అంటే నడక వేగంతో ముక్కెత్తి తిప్పడానికి, ముక్కు పైకి పెట్టి గాల్లోనే నిలబెట్టడానికి వరం, కానీ గీతలు గీయడానికి పనికిరాదు. నేను కేలండర్ వెనక ఆరెస్టి గుర్తులు (పల్టీలని కాగితం మీద రాసే గీతల లిపి) గీసుకుని వెళ్తుంటా, చుక్క దగ్గర మొదలు, అడ్డగీత దగ్గర ఆఖరు, మామూలుగా ఎగిరితే నిండు గీత, తలకిందులైతే తుంపుల గీత, అది చూస్తూ క్యూబన్ ఎయిట్ (పడుకున్న 8 అంకె ఆకారం) వేస్తే కాగితం మీద ఉన్న 45 డిగ్రీల గీత ఆకాశంలో వంకర పోతది. స్పీడు పెంచితే రెక్క మెలి తిరుగుద్ది, రోల్ ఆపిన చోట ఆగకుండా ఒక ఊపు ఊగి ఆగుద్ది. నాలుగు చోట్ల ఆగి ఆగి దొర్లే నాలుగు పాయింట్ల రోల్‌లో అది బాగా కనపడద్ది. బల్సాకి ఈ ఇబ్బంది లేదు, అందుకే దాన్ని అమ్మలేదు.

గాలి ఇంకో సంగతి. పొద్దెక్కాక సముద్రం గాలి మొదలైతే ఈ తేలిక విమానం దానికి ఆగదు, నిలువుగా ఎక్కి పైన పక్కకి తిరిగి దిగే స్టాల్ టర్న్‌కి నిలువుగా ఎక్కిస్తే పైకి వెళ్ళేసరికి గాలివాటున ఎటో కొట్టుకుపోతది. నరసాపురం, అంతర్వేది వైపు వాళ్ళకి ఇది ఇంకా ఎక్కువ. పొద్దున్న ఎగరేస్తే వెన్నలా ఉంటది అని ఒకప్పుడు మావాళ్ళకి చెప్పా, ఆ మాట పొద్దున్న ఎనిమిది లోపలకే అని సరిదిద్దుకోండి.

చిన్నవి కొన్ని. కొన్నాక సీజీ (బరువు సమతూకం కుదిరే చోటు) వాళ్ళు చెప్పిన చోటే పెట్టి వదిలేయకండి, 45 డిగ్రీల్లో ఎక్కిస్తూ తలకిందులు చేసి ఎలివేటర్ వదలండి, గీత మీదే పోతుంటే సరే, గభాల్న ముక్కు దించేస్తే ముక్కు బరువు, లైపో కొంచెం వెనక్కి జరపండి. హై రేట్ (పలకలు ఎక్కువ కదిలేలా) పెడితే ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన మెత్తబరిచేది) కూడా 50 శాతం పైన పెట్టుకోండి. ఫోమ్‌నే మడతలా వదిలిన కీళ్ళు కొన్నాళ్ళకి చిరుగుతాయి, మందుల షాపులో దొరికే పారదర్శకం టేపు రెండు వైపులా వేస్తే ఆగుతాయి. రెక్క వంగకుండా అతికించే కార్బన్ పట్టీలు ఎండకి అంచుల దగ్గర లేస్తాయి, ఎగరేసే ముందు వెనక నుంచి ఒక కన్ను మూసి రెక్క తిన్నగా ఉందో లేదో చూసుకోవాలి.

కొనమంటానా? నాలా పొలాల్లో ఎగరేస్తూ, దగ్గర్లో క్లబ్బూ రన్‌వే లేకుండా, పడిపోద్దన్న భయంతో ఎత్తులోనే ఆగిపోయినవాళ్ళు అయితే తప్పకుండా కొనండి, అదీ వచ్చిన రోజే హార్న్‌లు పీకి అరల్డైట్ పెడతానంటేనే. మీకు చక్కటి తారు స్ట్రిప్ ఉండి, పోటీల పద్ధతిలో గీతలు దిద్దుకోవాలనుకుంటే ఇది కాదు మీకు. పిల్లలు మొదటిసారి నేర్చుకోడానికి అని అడుగుతున్నారు కొందరు, వద్దండి, దీనికి తనంతట తాను నిటారుగా అయ్యే గుణం లేదు, మీరు ఎలా వదిలితే అలాగే పోతది, ముందు పైరెక్క ట్రైనర్ మీద ఒక సీజన్ తిప్పండి. నాకైతే ఇంకోటి కొనే ఆలోచన ఉంది, ఈసారి తెల్లరంగు తోక ఉన్నది దొరికితే చూస్తా, నల్ల డిజైన్ అయితే తీసుకోను.