కోనసీమ గాలిలో తుప్పు మందు: ఆరేళ్ల వాడకం తరువాత

1997 మోడల్ మారుతీ 800ను అమలాపురంలోని మా ఇంటి పాకలోనే బాగు చేసుకోవడానికి 2018లో పూనుకున్నప్పుడు, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బులో ఎక్కువ భాగం రంగుకు కాక తుప్పు వదిలించడానికే కేటాయించాను. అందుకు వాడినది ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన తుప్పు మందు.

ఈ ద్రవం తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తుంది. ఆ నల్లని పొర రంగుకు పట్టునిస్తుందే కాని నీటిని ఆపలేదు. మొదట్లో నేను ఫ్లోరు మీది పెచ్చులను పూర్తిగా గీకకుండానే మందు పూశాను. ఆ ఏటి ఈశాన్య రుతుపవనాలు వెళ్లేసరికి ప్రైమరు కింద పొక్కులు లేచాయి. మళ్లీ వైరు బ్రష్షుతో గట్టి రేకు తగిలేదాకా రుద్ది, మందు పూసి, మిగిలిన ఆమ్లాన్ని తడిగుడ్డతో తుడిచి, తడి ఆరిన వెంటనే ఎపాక్సీ ప్రైమరు వేశాను. ఆమ్లం మిగిలితే ఎపాక్సీ సరిగా పట్టదు. తుడిచి ఊరుకుంటే మన గాలిలోని తేమకు గంటల్లోనే కొత్త తుప్పు వస్తుంది. అందుకే ఈ పని మిట్టమధ్యాహ్నపు ఎండలోనే పెట్టుకున్నాను. అలా చేసిన ఫ్లోరు, చక్రాల పై వంపులు ఈనాటికీ గట్టిగానే ఉన్నాయి. బ్యాటరీ కింది రేకును మాత్రం, దానిమీద కారిన బ్యాటరీ ఆమ్లం విరగడానికి, ముందుగా వంటసోడా నీళ్లతో కడగవలసి వచ్చింది.

మందు పూర్తిగా విఫలమైనది రన్నింగ్ బోర్డుల విషయంలో. తలుపుల కింద పొడవునా ఉండే అవి మూసిన పెట్టెల వంటివి. నీరు పోయే అడుగు రంధ్రాలు కాలువగట్టు మట్టితో పూడిపోతే తుప్పు లోపలినుంచి బయటికి తినుకుంటూ వస్తుంది, బ్రష్షు అక్కడికి చేరదు. మూడో ఏడు కుడివైపు బోర్డుకు వేలు పట్టేంత కన్నం పడింది. పుట్టీతో పూడ్చేద్దామని టింకరింగ్ మేస్త్రి అన్నాడు గాని, పుట్టీ తేమను పీల్చి వెనక రేకును మరింత తినేస్తుంది కనుక నేను ఒప్పుకోలేదు. పాడైన భాగాన్ని కోయించి, 20 గేజి రేకు వెల్డింగు చేయించి, రంధ్రాలు శుభ్రపరచి, లోపల మైనపు నూనె కొట్టాను. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పడం, పక్కనున్న పెట్రోలు పైపు తప్పించడం మరువకూడదు.

పైకి కనిపించే తుప్పుకైతే ఈ మందును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. మూసిన భాగాలకు దీనిపై డబ్బు పెట్టవద్దు. ఈసారి వానలు వెలిశాక మ్యాట్లు ఎత్తి చూస్తే, డ్రైవరు సీటు బోల్టు పక్కన రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ కనిపించింది. సంక్రాంతి దాటి ఎండలు ముదిరాక దాన్ని గీకాలి.