క్లారినెట్‌కు సింథటిక్ రీడ్: హనుమకొండ ఎండల్లో, స్కూల్ బ్యాండ్‌లో వాడి చూశాక

ఎనిమిదో తరగతి నుంచి హనుమకొండలో మా స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తున్నాను. పోయినేడాది నుంచి రోజువారీ సాధనంతా సింథటిక్ రీడ్ (మౌత్‌పీస్‌కు బిగించి ఊదే పలుచని నాలుక, ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో చేసింది) మీదే. బాగా వాయించాలన్న పట్టుదల ఉన్న పిల్లలకు ఇది తప్పకుండా కొనివ్వమంటాను.

మన దగ్గర ఎండాకాలం కేన్ రీడ్‌తో, అంటే రెల్లుతో చేసిన మామూలు రీడ్‌తో, చాలా ఇబ్బంది. పొడిగాలికి దాని కొస అలలు తేలుతుంది, నోట్లో ఎంతసేపు నానబెట్టినా సాఫీగా కూర్చోదు. వానలు పడగానే అదే రీడ్ బరువెక్కుతుంది. నిన్న పలికింది ఇవాళ పలకదు. తప్పు రీడ్‌దా, నా పెదవిదా అనేది తేలదు. సింథటిక్‌ను తడపక్కర్లేదు, లిగేచర్‌లో (రీడ్‌ను పట్టి ఉంచే పట్టీ) బిగించి ఊదడమే. అది రోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి నోట్ వణికితే కారణం నా ఊపిరో పెదవో అయ్యుండాలి. నాకు దొరికిన అసలు లాభం ఇదే.

బ్రేక్ దగ్గర, అంటే కింది స్వరాల నుంచి పై స్వరాలకు మారే చోట, ఇది బాగా తెలిసింది. వేణువులో గాలి పెంచితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. క్లారినెట్ అలా కాదు. కింది ఇ (E) స్వరం పట్టుకుని రిజిస్టర్ కీ (ఎడమ బొటనవేలి దగ్గర ఉండే, పై స్వరాలకు తీసుకెళ్లే కీ) నొక్కితే బి (B) వస్తుంది, అంటే పన్నెండో స్వరం. అందుకే మధ్యలో దాదాపు వేళ్లన్నీ ఎత్తి వాయించే ఎ (A) నుంచి పక్కనే ఉన్న బికి పోవాలంటే రంధ్రాలన్నీ ఒక్కసారే మూయాలి. ఒక్క వేలు వెంట్రుకవాసి జరిగినా కీచుమంటుంది. ఎ వాయించేటప్పుడే కుడిచేతి వేళ్లు మూసి ఉంచితే సగం పని ముందే అయిపోతుంది, స్వరమూ పెద్దగా మారదు.

కాజీపేటలో పెళ్లి బ్యాండ్‌లో వాయించే పెద్దాయన ఒకరు నేను వాయించేది విని, "వేళ్లు మారినా గాలి ఆపొద్దు బిడ్డా, తీగలెక్క ఒక్కటే పోవాలె" అన్నారు. అప్పట్నుంచి సాధన లాంగ్ నోట్స్‌తోనే (ఒక్కో స్వరాన్నే సాగదీసి ఊదడం) మొదలుపెడుతున్నాను. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ఎనిమిది లెక్కలు శబ్దం పెంచుతూ ఎనిమిది తగ్గిస్తూ, ట్యూనర్ యాప్ చూసుకుంటూ. (మనం సి వాయిస్తే యాప్‌లో బి ఫ్లాట్ చూపిస్తుంది. కంగారు పడొద్దు, బి ఫ్లాట్ క్లారినెట్ అంతే.)

జనవరి 26న ముఖ్య అతిథి వచ్చేదాకా ఎంతసేపు నిలబడినా ఈ రీడ్ ఆరిపోదు. జాతీయ గీతం 52 సెకన్లే, అందులో ఒక్క కీచు పడినా గ్రౌండంతా వినిపిస్తుంది. శ్రుతి సంగతి మాత్రం రీడ్ చూసుకోదు. చలికి క్లారినెట్ శ్రుతి దిగుతుంది, ముందుగా వెచ్చటి గాలి ఊదుతూ ఉండాలి. ఎండకు శ్రుతి ఎక్కితే బ్యారెల్ (మౌత్‌పీస్ కింద ఉండే చిన్న గొట్టం) కాస్త బయటికి లాగాలి.

లోటు కూడా ఉంది. కింది స్వరాల్లో కేన్‌కున్న నిండుదనం దీనికి రాదు. స్టేజీ మీద ఒక్కదాన్నే వాయించాల్సి వస్తే ఇప్పటికీ మంచి కేన్ రీడే పెడతాను. ఎక్కువసేపు వాయిస్తే సింథటిక్ కొంచెం మెత్తబడుతుంది, రెండుంటే మార్చి మార్చి వాడుకోవచ్చు. ధర తక్కువేం కాదు, ఒక్కదాని డబ్బుతో దాదాపు పది కేన్ రీడ్ల డబ్బా వస్తుంది. రీడ్ గట్టిదనం చెప్పే నంబర్లు కూడా కేన్‌తో సరిగ్గా కలవవు. 2, 2.25, 2.5 అని పావు తేడాతో దొరుకుతాయి, మొదట తేలికది తీసుకోండి.

స్కూలు వాళ్లిచ్చిన పాత క్లారినెట్ అయితే రీడ్ కొనేముందు ప్యాడ్లు (కీల కింద రంధ్రాలను మూసే మెత్తలు) చూపించండి. కింది జాయింట్ (క్లారినెట్ కింది సగం) అడుగును అరచేత్తో మూసి, రంధ్రాలన్నీ వేళ్లతో మూసి, చిటికెన వేలితో కింది ఇ కీ కూడా నొక్కి పైనుంచి ఊదితే గాలి కారుతోందో లేదో తెలిసిపోతుంది. కారుతుంటే ఆ డబ్బు ముందు ప్యాడ్లకు పెట్టండి.