పిల్లల మధ్యాహ్న భోజనం: బడి పళ్ళెమా, ఇంటి క్యారేజీయా?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ప్రాంతాల్లో పిల్లల్ని సర్కారు బడిలోనో ఎయిడెడ్ బడిలోనో చేర్పించిన తెలుగు తల్లులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నం తిననివ్వాలా, ఇంట్లో వండి క్యారేజీ కట్టాలా? మా అమ్మాయి నాలుగో తరగతికి వచ్చాక మా ఇంట్లోనూ దీని మీద చాలా చర్చ జరిగింది. "ఆ చప్పిడి పప్పు మన పిల్లల నోటికి ఎక్కదమ్మా" అని మా అత్తగారు క్యారేజీ వైపు నిలిచారు. ఆలోచించి చివరికి బడి భోజనానికే మొగ్గాం. ఆ నిర్ణయం సరైనదేనని నమ్ముతున్నాను కాబట్టి, రెంటి మంచిచెడ్డలూ నాకు తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు పళ్ళెంలోకి వచ్చేదేమిటో చూద్దాం. ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలి. అంటే ఆ పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇది 700 కేలరీలు, 20 గ్రాములు. ఒడిశాలో వారంలో రెండు రోజులు డాల్మా (కూరగాయ ముక్కలు వేసి ఉడికించే ఒడియా పప్పు), రెండు రోజులు సోయా కూర, రెండు రోజులు గుడ్డు కూర పెట్టే పద్ధతి నడుస్తోంది. ఒక్క గుడ్డులోనే సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మన ఇళ్ళలో కట్టే క్యారేజీల్లో నిమ్మకాయ పులిహోర, బంగాళాదుంప వేపుడు, పెరుగన్నం ఎంత తరచుగా ఉంటాయో, పప్పూ గుడ్డూ ఎంత అరుదుగా ఉంటాయో ఎవరికి వారు తలచుకుంటే తేడా తెలుస్తుంది.

క్యారేజీకి ఉన్న బలాలు చిన్నవి కావు. బియ్యం ఎవరు కడిగారో, నూనె ఎలాంటిదో మనకు తెలుసు. ఏదైనా పడని బిడ్డ ఉన్న ఇంట్లో ఈ ఒక్క కారణమే చాలు, ఇంకో ఆలోచన అక్కర్లేదు. కానీ క్యారేజీలో ఒక లోపం ఉంది, నా దృష్టిలో అదే నిర్ణాయకం. క్యారేజీ కట్టే చేయి తల్లిదే అయినా, అందులో ఏముండాలో నిర్ణయించేది బిడ్డ నాలుక. సాయంత్రం మూత తీసినప్పుడు బెండకాయ కూర అలాగే మిగిలి ఉంటే, మరునాడు బెండకాయ పెట్టడానికి ఏ తల్లికీ చేయి రాదు, బిడ్డ ఆకలితో ఉండిపోయిందనే బాధ ముందుకొస్తుంది. అలా నెల తిరిగేసరికి ఒక్కొక్క కూరా జారిపోయి, ఖాళీ అయి తిరిగొచ్చే రెండు మూడు వంటకాలే మిగులుతాయి. బిడ్డ కడుపు నిండుతుంది గాని, తినగలిగే పదార్థాల జాబితా ఏటేటా కుదించుకుపోతుంది. పిల్లలు కొత్త రుచికి అలవాటు పడాలంటే దాన్ని పది పదిహేను సార్లు రుచి చూడవలసి రావచ్చునని పోషకాహార నిపుణులు చెబుతారు, క్యారేజీలో రెండో అవకాశమే అరుదు.

బడి పళ్ళెం దగ్గర ఈ బేరం సాగదు. డాల్మానే తీసుకోండి. పప్పుతో పాటు బొప్పాయి కాయ, గుమ్మడికాయ, అరటికాయ, వంకాయ, చామదుంప వంటివి, ఆ రోజు ఏవి దొరికితే అవి, పెద్ద ముక్కలుగా వేసి ఉడికిస్తారు. పాంచ్ ఫుటణ్ అనే ఐదు దినుసుల తాలింపు పెట్టి, వేయించి కొట్టిన జీలకర్ర, ఎండుమిరప పొడి పైన చల్లుతారు. చింతపండు పడదు, కారం తక్కువ, అందుకే మన పిల్లలకు మొదట్లో రుచించదు. మా అమ్మాయి కూడా బొప్పాయి ముక్కలన్నీ ఏరి పళ్ళెం అంచున పేర్చేదని టీచరు చెప్పారు. అయినా అటూ ఇటూ కూర్చున్న పిల్లలు అవే ముక్కలు మారు వేయించుకుని తింటుంటే, ఏ బలవంతమూ లేకుండానే అంచున పేర్చే ముక్కలు తగ్గాయి. నాలుగు నెలల క్రితం గుమ్మడికాయ ముట్టని పిల్ల ఇప్పుడు ఇంట్లో గుమ్మడికాయ పులుసు తింటోంది. ఇక్కడ మేము చేసిందల్లా ఆదివారాలు ఇంట్లోనూ డాల్మా వండి, అందరం అదే తినడం. అన్నం అదీ ఇదీ అని మేము బిడ్డ ముందు ఈసడించుకుంటే, తోటిపిల్లలు నేర్పింది ఇంట్లో చెడిపోయేది.

వేడి సంగతి కూడా ఉంది. పొద్దున్న ఏడింటికి కట్టిన అన్నం ఒంటిగంట దాకా మూసిన డబ్బాలో ఉంటుంది. వండిన ఆహారాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన ఎండల్లో ఆ మాట మరీ పట్టించుకోవాలి. బడిలో అప్పటికప్పుడు వండి పెట్టడం 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల దేశమంతటా స్థిరపడిన హక్కు.

అలాగని బడి భోజనంలో లోపాలు లేవని నేననను. పప్పు నీళ్ళగా ఉన్న రోజులు ఉంటాయి, ఆకుకూర తక్కువ, పండు దాదాపు ఉండదు. కాబట్టి బిడ్డను బడి భోజనానికి పంపి ఊరుకుంటే కుదరదు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. వడ్డించే ముందు టీచరు సహా పెద్దవాళ్ళు రుచి చూడాలన్న నియమం ఉంది. నెలకు ఒకసారి వెళ్ళి, ఆ రుచి చూసేవాళ్ళలో మనమూ ఉంటే, పప్పు చిక్కదనం గురించి మర్యాదగా మాట్లాడితే ఫలితం కనిపిస్తుంది.

ఏడు నుంచి తొమ్మిదేళ్ళ బిడ్డకు రోజుకు సుమారు 1700 కేలరీలు కావాలి. బడి పళ్ళెం ఇచ్చే 450 అందులో నాలుగో వంతు మాత్రమే. మిగిలిన మూడు వంతులూ ఇంటివే కాబట్టి, నా లెక్కలో క్యారేజీ గురించి పడే ఆరాటంలో సగం పొద్దుటి తిండి మీద పెట్టడం మేలు. టీ బిస్కెట్టుతో బడికి వెళ్ళే పిల్లలు మన వీధుల్లో చాలామందే ఉన్నారు, పైగా టీ భోజనంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. దాని బదులు చోడి (రాగి) అంబలి పోయవచ్చు. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, కోరాపుట్, రాయగడ కొండల మీద తరతరాల తిండి అది. రాత్రికి తోటకూరో మునగాకో వండి, అన్నంలో నిమ్మరసం పిండితే బడిలో తక్కువపడిన ఆకుకూర లోటు తీరుతుంది.

ఇల్లు దగ్గరైతే మధ్యాహ్నం ఇంటికి రావడం మంచిదే, అయితే టీవీ ముందు తినిపించకూడదు. చేతికి డబ్బులిచ్చి ఏదో కొనుక్కోమనడం అసలు ఎంపికే కాదు. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా సంస్థ నిబంధన చేసినా, మన బడుల ముందు ఆ ప్యాకెట్లు వేలాడుతూనే ఉన్నాయి.

ప్రైవేటు బళ్ళలో చదివే పిల్లలకు క్యారేజీ తప్పదు. అలాంటప్పుడు ఇష్టమైన అన్నం పెద్ద గిన్నెలో, ఇంకా అలవాటు కాని కూర రెండు చెంచాలు చిన్న గిన్నెలో పెట్టండి. అది తిరిగొచ్చినా ఏమీ అనకండి, వారం తిరిగాక మళ్ళీ పెట్టండి. మూడో గిన్నెలో ఉడికించిన గుడ్డు గాని, గుడ్డు తినని ఇళ్ళలో వేరుశనగ గింజలు గాని, నువ్వుల చిమ్మిలి ఉండ గాని వెయ్యండి, కాలాన్ని బట్టి ఒక జామకాయ చేతికివ్వండి.