హోమ్ లోన్ ఏజెంటు: బెంగళూరులో రెండు ఫైళ్లు నడిచాక

ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే సేల్స్ ఆఫీసులోనే ఒకాయన కార్డు చేతిలో పెడతాడు: "లోన్ సంగతి నాకొదిలేయండి సార్, మీరు పైసా ఇవ్వక్కర్లేదు." నిజమే, విడుదలైన లోన్ మీద కమిషన్ అతనికి బ్యాంకే ఇస్తుంది. అందుకే అతని మాట ఎప్పుడూ పెద్ద లోన్ వైపు, తనకు ఏజెంటు కోడ్ ఉన్న బ్యాంకుల వైపే మొగ్గుతుంది. ఫైలు మోసే పనికి నాలుగు స్టార్లు, సలహాకు రెండే.

నెల జీతం, కొత్త ప్రాజెక్టు, జీతం పడే బ్యాంకే దానికి ఏపీఎఫ్ (ప్రాజెక్టు కాగితాలు ముందే చూసి ఇచ్చే ఆమోదం) ఇచ్చి ఉంటే ఏజెంటు దండగ. ఫారం 16, పే స్లిప్పులు, స్టేట్‌మెంట్లు పట్టుకుని నేరుగా బ్రాంచికి వెళ్లొచ్చు. అదే రీసేల్ ఫ్లాటో, సొంత వ్యాపారమో, కో-అప్లికెంటుగా నాన్నగారు నెల్లూరులో ఉండటమో అయితే అతని విలువ తెలుస్తుంది. అనుమతుల్లో లోటున్న ఆస్తులకు కార్పొరేషన్ ఇచ్చే బీ ఖాతాను ఏ బ్యాంకు ముట్టుకోదో, బ్యాంకు ప్యానెల్ లాయర్లలో ఎవరు ఏ కాగితం దగ్గర పేచీ పెడతారో ముందే చెప్పగలడు.

రీసేల్‌లో తరచూ బెడిసేది ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) దగ్గర. అమ్మేవాళ్లు పాత లోన్ తీర్చేసి, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ తెచ్చుకుంటారు, సబ్ రిజిస్ట్రార్ దగ్గర తాకట్టు ఎంట్రీ రద్దు చేయించుకోవడం మర్చిపోతారు. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్లో తీసిన ఈసీలో అది అలాగే ఉంటుంది, బ్యాంకు లీగల్ పరిశీలన అక్కడ ఆగిపోతుంది. అడ్వాన్స్ ఇవ్వకముందే ఈసీ తీసి చూడండి. కన్నడమైనా లిపి మన చుట్టమే, కూడబలుక్కోవచ్చు. అడమాన అంటే తాకట్టు.

కోటి ఫ్లాటుకు "85 శాతం ఇప్పిస్తా" అంటే నమ్మకండి. ఆస్తి విలువలో ఆర్బీఐ పరిమితి 30 లక్షల లోన్ వరకు 90 శాతం, 75 లక్షల వరకు 80, ఆపైన 75. కోటి ఫ్లాటుకు 75 లక్షలే. స్టాంపు డ్యూటీ 5 శాతం, 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతమైన రిజిస్ట్రేషన్ ఫీజు, పైన సెస్సు, అన్నీ మన జేబులోంచే. ఆ లోటు పూడ్చడానికి అతను పర్సనల్ లోన్ చూపిస్తాడు. దాని ఈఎంఐ కూడా లెక్కలోకొచ్చి అసలు లోన్ అర్హత తగ్గుతుందని మాత్రం చెప్పడు.

ఒకేసారి నాలుగు బ్యాంకుల్లో లాగిన్ (దరఖాస్తు నమోదు) చేయనివ్వకండి. ప్రతిదీ సిబిల్‌లో ఎంక్వైరీగా పడుతుంది. చాలాచోట్ల ప్రాసెసింగ్ ఫీజు కూడా తిరిగి రాదు. ఏ బ్యాంకో మీరు ఒప్పుకున్నాకే ఓటీపీ చెప్పండి.

అసలు దెబ్బ లోన్‌తో అంటగట్టే ఇన్సూరెన్సుది. రెండు లక్షల సింగిల్ ప్రీమియం లోన్‌లో కలిపేస్తే 8.5 శాతానికి 20 ఏళ్లలో సుమారు 4.16 లక్షలు కడతాం. "ఇది లేకపోతే శాంక్షన్ రాదు" అన్నవాణ్ణి ఆ మాట మెయిల్‌లో రాయమనండి, సాధారణంగా రాయడు. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకు ఇవ్వాల్సిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ (వడ్డీతో పాటు ఫీజులూ కలిపిన ఏడాది ఖర్చు శాతం) ఉంటుంది. రెండు బ్యాంకుల్ని పోల్చాల్సింది ఆ అంకెతోనే.

లోన్ విడుదలయ్యాక ఫోన్ ఎత్తడు. రెండేళ్లకు తనే చేస్తాడు, "బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేద్దాం సార్, లోన్ వేరే బ్యాంకుకు మారిస్తే వడ్డీ తగ్గుతుంది" అని. అతనికి మళ్లీ కమిషన్, మనకు మళ్లీ ప్రాసెసింగ్ ఫీజు, ఎంఓడీటీ (ఆస్తి పత్రాలు బ్యాంకుకు తాకట్టు పెట్టినట్టు రాసే పత్రం) ఖర్చు. ముందు మన బ్యాంకుకే స్ప్రెడ్ (బెంచ్‌మార్క్ రేటు మీద బ్యాంకు వేసే అదనపు వడ్డీ) తగ్గించమని అర్జీ పెట్టండి, చాలా బ్యాంకులు కొద్దిపాటి కన్వర్షన్ ఫీజుతో తగ్గిస్తాయి.