పది డెసిబెల్స్ తగ్గించి పెట్టిన రిచీ స్ట్రీట్ షాపు

మా ఆంప్లిఫయరు 1970ల నాటి జపాను సరుకు. వాల్యూమ్ నాబు గడియారం లెక్కన ఎనిమిది దాటిందంటే కింది ఫ్లాటు వాళ్ళ ఫోను వస్తుంది. ఎనిమిదికి లోపు పెడితే కుడి స్పీకరు మూగబోతుంది. మధ్యలో కూర్చుని పాడవలసిన గాయని కచేరీ వదిలి ఎడమ గోడ దగ్గరికి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటాక తప్ప పాట వినే తీరిక లేని నాలాంటి ఆడిటరుకు ఇది చిన్న బాధ కాదు.

చెన్నైలో ఒక పెద్ద షోరూములో చెబితే, "ఇది పాతబడిపోయిందమ్మా, కొత్తది తీసుకోండి" అని ఎనభై వేల రూపాయల పెట్టె చూపించారు. ఆంప్లిఫయరులో లోపం లేదు. అది తయారైన రోజుల్లో ట్యూనరూ టేపు డెక్కూ ఇచ్చే సిగ్నల్ తక్కువ. మాన్యువల్ ప్రకారం మాదానికి 150 మిల్లీవోల్టులు అందితే చాలు, పూర్తి శక్తితో మోగుతుంది. 1982లో సీడీ ప్లేయర్లు బజారులోకి వచ్చాక 2 వోల్టుల అవుట్‌పుట్ మామూలైపోయింది. ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే మా ఇంట్లోని స్ట్రీమరూ అంతే ఇస్తుంది. అంటే కావలసినదానికి పదమూడు రెట్లు. అందుకే నాబు కదిలీ కదలకముందే ఇల్లు దద్దరిల్లుతుంది. నాబు లోపల రెండు చానెళ్ళకు రెండు కార్బన్ పట్టీలు ఉంటాయి, వాటిని తాకే రెండు ముళ్ళు ఒకే ఇరుసు మీద తిరుగుతాయి. బాగా తగ్గించిన చోట ఆ రెండు చానెళ్ళూ సరితూగడం అరుదు. పాడే ఆమె ఎడమకు జరగడం అందుకే.

మందు తెలిసినదే. స్ట్రీమరుకూ ఆంప్లిఫయరుకూ మధ్య అటెన్యుయేటరు పెట్టి సిగ్నల్ తగ్గించాలి. విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు కానీ రవాణా ఖర్చు, సుంకం కలిపితే వస్తువు ధరను మించిపోతుంది. అందుకని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్ దారి పట్టాను.

నరసింగపురం వీధి వైపు, మెట్ల కింద ఒక మనిషి, ఒక సోల్డరింగ్ ఐరన్ పట్టేంత షాపు. బోర్డు తమిళంలో ఉన్నా నన్ను చూడగానే "ఏం కావాలమ్మా?" అన్నాడు. నెల్లూరు వాళ్ళట. పది డెసిబెల్స్ తగ్గాలి, అంటే సిగ్నల్ వోల్టేజీ దాదాపు మూడో వంతుకు రావాలి అన్నాను. "మీ ఆంప్లిఫయరు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఎంత?" అని అడిగాడు. అంటే లోపలికి వచ్చే సిగ్నల్‌కు ఆంప్లిఫయరు చూపే అడ్డు. షోరూములో నలుగురు నా చుట్టూ తిరిగారు, ఒక్కరూ ఈ ప్రశ్న వేయలేదు. 47 కిలో ఓమ్‌లు అని చెప్పాను.

తరువాతి అరగంట చూడముచ్చటగా గడిచింది. ఒక్కో చానెల్‌కు రెండు రెసిస్టర్లు. సిగ్నల్ దారిలో వరుసగా 6.8 కిలో ఓమ్‌లది, దాని తరువాత సిగ్నల్‌కూ గ్రౌండుకూ మధ్య 3.3 కిలో ఓమ్‌లది. నీలం, బూడిద, నలుపు, గోధుమ, గోధుమ రంగు గీతలున్నది మొదటిది. నారింజ గీతలు రెండు పక్కపక్కన ఉన్నది రెండోది. ఒక్క శాతం మెటల్ ఫిల్మ్ రకం. డబ్బాలో నుంచి గుప్పెడు తీసి, ఒక్కొక్కటే మీటరు మీద పెట్టి, సరిజోడు కుదిరేదాకా పక్కకు తోస్తూ పోయాడు. అడగకపోయినా చేశాడు. ఎడమా కుడీ ఒకేలా తగ్గకపోతే నా బాధ మళ్ళీ మొదటికి వస్తుందని అతనికి తెలుసు.

"68, 33 కిలో ఓమ్‌లు వేస్తే? నిష్పత్తి అదే కదా" అని పరీక్షించడానికే అడిగాను. తల ఎత్తకుండానే, "మీ ఆంప్లిఫయరు ఊరుకోదమ్మా" అన్నాడు. నిజమే. 47 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ ఆ 33కు సమాంతరంగా చేరి, పది డెసిబెల్స్ అనుకున్నది పదమూడు అవుతుంది. అటెన్యుయేటరు తరువాతి కేబుల్ పొడుగ్గా ఉంటే పై స్థాయి (ట్రెబుల్) శబ్దాలు కూడా మందగిస్తాయి. చిన్న విలువలతో ఆ చిక్కు లేదు. 6.8, 3.3లకు 47ను కలిపి లెక్క వేసినా పదికి అటూఇటుగానే తేలుతుంది. ఆ లెక్క నేనూ వేసుకునే వెళ్ళాననుకోండి. లెక్క ఎదుటివాడి నోటి నుంచి వస్తే అదో తృప్తి.

చివరికి ఫోనులో 400 హెర్ట్జ్ నాదం మోగించి, లోపలికీ బయటికీ వోల్టేజీ కొలిచి చూపించాడు. 600 మిల్లీవోల్టులు పంపితే ఎడమవైపు 196, కుడివైపు 195 వచ్చాయి. జత 450 రూపాయలు.

ఇంటికొచ్చి ఆంప్లిఫయరు వెనుకే తగిలించాను. స్ట్రీమరు వైపు పెట్టకూడదు. అటెన్యుయేటరు తరువాత ఉండే కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ఇప్పుడు నాబు పదిన్నర దగ్గర ఉన్నా కింది ఇంటి నుంచి ఫోను రావడం లేదు. గాయని మధ్యలోకి వచ్చి కూర్చుంది, వయొలిన్ కుడివైపున తన చోట తానుంది. నాబును వెంట్రుకవాసి కదిపితే శబ్దం కూడా వెంట్రుకవాసే పెరుగుతోంది. ఎఫ్ఎం ట్యూనరు నుంచి స్ట్రీమరుకు మార్చినప్పుడు మా ఆయన ఇదివరకు ఉలిక్కిపడేవారు. ఇప్పుడు పేపరు మీద నుంచి తల కూడా తిప్పడం లేదు.

"యాప్‌లో వాల్యూమ్ తగ్గించుకుంటే పోయేది కదా, అమ్మా?" అన్నాడు మా అబ్బాయి. డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే డాక్ 24 బిట్లది అయితే అలా చేసినా చెవికి పెద్దగా తేడా తెలియదు, ఒప్పుకుంటాను. కానీ సోఫాలో పడి ఉన్న ఫోను మీద ఎవరి మోచేయి ఆనినా 2 వోల్టులూ ఒక్కసారిగా ఆంప్లిఫయరు మీద పడతాయి. పైగా మా సీడీ ప్లేయరుకు వాల్యూమ్ నాబే లేదు.

ఒక హెచ్చరిక. స్పీకరులో ఎప్పుడూ వినిపించే బుస ఆంప్లిఫయరు లోపల పుట్టేదైతే ఇది దాన్ని ఆపదు. తనకు ముందున్న పరికరాల నుంచి వచ్చే బుసనే తగ్గిస్తుంది. మా పక్కింటాయన ఇది విని, సీడీ ప్లేయరును రికార్డు ప్లేయరుకని ఉండే ఫోనో సాకెట్‌కు తగిలించి మధ్యలో ఇలాంటిది పెట్టవచ్చా అని అడిగారు. వద్దు. సిగ్నల్ తగ్గినా, ఫోనో ఇన్‌పుట్ రికార్డుల కోసం బాసును పెంచి, పై స్థాయి శబ్దాలను తగ్గిస్తుంది. ఆ వంకర అలాగే ఉంటుంది.

షాపు మీద ఫిర్యాదులూ ఉన్నాయి. రెసిస్టర్లు ఇమిడిన పిన్నులు బరువు, పొడవు. పాత సాకెట్ల మీద ఆ బరువు వేలాడటం నాకు నచ్చలేదు. ఆంప్లిఫయరును గోడ నుంచి నాలుగు వేళ్ళు ముందుకు జరపవలసి వచ్చింది. ఎటు ఇన్, ఎటు అవుట్ అన్న గుర్తు పిన్నుల మీద లేదు. తిరగేసి పెడితే అనుకున్నంత తగ్గదు. నేను ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకున్నాను. బిల్లు అడిగితే క్యాలెండరు వెనుక కాగితం చింపి రాసిచ్చాడు. ఆడిటరుకు!

అందుకే ఐదుకు నాలుగు. గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగితే నడక దూరమే. ఆదివారం మాత్రం వెళ్ళకండి, ఆ వీధిలో చాలా షట్టర్లు దించి ఉంటాయి. వెళ్ళేముందు మీ ఆంప్లిఫయరు మాన్యువల్లో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చూసుకుని వెళ్ళండి, అతను మొదట అడిగేది అదే.